హైదరాబాద్ నుంచి డాలస్: ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు? ఒక్కోచోట ఒక్కో లెక్క చూపిస్తోంది

గడియారం_సెంటర్
మా అమ్మానాయినలను జూలైలో డాలస్ పంపాలి. చెల్లె అక్కడుంది, డెలివరీ టైం. ఇద్దరికీ విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. ఎంత దూరం, ఎన్ని గంటలు కూర్చోవాలి అని నాయిన రోజూ అడుగుతున్నాడు. నెట్‌లో వెతికితే ఒక సైటు 7,780 అంటుంది, ఒకటి 8,950 అంటుంది, ఇంకోటి 14,400, మరోటి 15,460. టైము కూడా అంతే, ఒకచోట 16 గంటలు, ఒకచోట 18. ఏజెంటు ఇచ్చిన కాగితం మీదేమో పోయేటప్పుడు 23:30, వచ్చేటప్పుడు 20:05. రెండూ దుబాయ్ మీదుగానే, ఒకటే కంపెనీ. పోయే దారి ఒకటి, వచ్చే దారి ఇంకొకటా? పైగా హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:20కి ఎక్కితే డాలస్‌లో అదే రోజు సాయంత్రం 5:20కి దిగుతారని రాసుంది. అది చూసి నాయిన "పదమూడు గంటలేనంట" అని గల్లీ మొత్తం చెప్పేశాడు. ఎవరన్నా సరిగ్గా చెప్పండి.

జడ్చర్ల_జంక్షన్
నల్లగొండ నుంచి శంషాబాద్ రావడానికి పట్టే టైము కూడా కలుపుకో అన్నా. అది ఏ సైటులోనూ ఉండదు 😄

మిర్యాల_మిల్లు
నాలుగు నంబర్లలో ఏదో ఒకటి నమ్ము, ఎలాగూ నువ్వు నడిపేది లేదు కదా.

వనపర్తి_లెక్కలు
ఆ నాలుగూ సరైనవే. 14,400 కిలోమీటర్లలో. 8,950 అదే దూరం మైళ్లలో. 7,780 అదే దూరం నాటికల్ మైళ్లలో, అంటే ఓడలకీ విమానాలకీ వాడే మైలు, ఒక్కోటి 1.852 కిలోమీటర్లు. కొన్ని సైట్లు పక్కన ఏ కొలతో చిన్న అక్షరాల్లో రాస్తాయి, మనం చూడం. 15,460 మాత్రం వేరు, అది దుబాయ్‌లో దిగి పోతే అయ్యే దూరం: హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550, అక్కడి నుంచి డాలస్ సుమారు 12,900.

16 గంటలు అన్న సైటు 14,400ని 900తో భాగించి చెప్పింది. నేరుగా పోయే విమానమే లేనప్పుడు ఆ లెక్క ఎవరికీ పనికిరాదు.

గడియారం_సెంటర్
@వనపర్తి_లెక్కలు సార్, దండం. నాలుగు రోజుల నుంచి తల పట్టుకున్నా. మరి 23:30, 20:05 సంగతి?

ఫ్రిస్కో_నల్లగొండ
నేను డాలస్ పక్కనే ఫ్రిస్కోలో ఉంటాను, ఊరు నకిరేకల్. ముందు ఆ పదమూడు గంటల ముచ్చట తేల్చేద్దాం. జూలైలో డాలస్ టైము మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది. గడియారంలో 4:20 నుంచి 17:20కి 13 గంటలు, దానికి 10:30 కలుపు, 23:30 వచ్చిందా? అంతే. వచ్చేటప్పుడు ఉల్టా. సోమవారం రాత్రి 8కి డాలస్‌లో ఎక్కితే బుధవారం తెల్లవారుజామున 2:35కి శంషాబాద్‌లో దిగుతారు, గడియారం ప్రకారం 30:35, అందులోంచి 10:30 తీసెయ్యి, 20:05.

టికెట్ మీద ఏ ఊరి దగ్గర రాసిన టైము ఆ ఊరిదే. ఇది అర్థం కాక దుబాయ్‌లో కూడా తికమక పడతారు. అక్కడ టైము మనకంటే గంటన్నర వెనక. అమ్మ చేతి గడియారం మార్చుకోకుండా ఉంటే గంటన్నర ముందే గేటు దగ్గర కూర్చుంటుంది, అది మంచిదే. వచ్చేటప్పుడు డాలస్ టైముతో ఉన్న గడియారం చూసుకుంటే మాత్రం కష్టం.

నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా తేడా పదకొండున్నర గంటలు అవుతుంది, ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. డెలివరీకి వచ్చినవాళ్లు ఆరు నెలలు ఉండి డిసెంబర్‌లో తిరిగొస్తారు కాబట్టి ఆ టికెట్‌లో ఈ లెక్క మారుతుంది, చూసుకో.

సాగర్_ఎడమకాల్వ
నాకు ఎప్పటి నుంచో ఒక డౌటు. భూమి తిరుగుతోంది కదా, విమానం పైకి లేచి అక్కడే ఆగితే కింద అమెరికా వచ్చేదాకా ఆగి దిగొచ్చు కదా. డీజిల్ కూడా మిగులుతుంది.

మిర్యాల_మిల్లు
😂😂 ఇది రావాలనే చూస్తున్నా

వనపర్తి_లెక్కలు
నవ్వకండి, మంచి ప్రశ్న, నా క్లాసులో ప్రతి ఏడాదీ ఒకడు అడిగేవాడు. మన హైదరాబాద్ దగ్గర నేల గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది. కానీ నేలతో పాటు గాలీ తిరుగుతోంది, ఆ గాలిలో ఉన్న విమానమూ తిరుగుతోంది. జడ్చర్ల బస్సులో నిలబడి ఎగిరితే వెనక సీటులో పడతావా? ఎగిరిన చోటే పడతావు. ఇదీ అంతే.

జడ్చర్ల_జంక్షన్
జడ్చర్ల బస్సులో ఎగిరే జాగా ఉంటే కదా సార్.

సాగర్_ఎడమకాల్వ
సరే సార్, మరి భూమి తిరగడం వల్ల కాకపోతే పోయేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ ఎందుకు? నేను అదే కారణం అనుకున్నా.

అచ్చంపేట_అడవి
జెట్ స్ట్రీమ్. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే గాలి. విమానాలు ఎగిరేది కూడా ఆ ఎత్తులోనే. అమెరికా నుంచి మనవైపు వచ్చేది తూర్పు ప్రయాణం, గాలి వెనక నుంచి తోస్తుంది. పోయేటప్పుడు ఎదురు. చలికాలంలో ఇంకా గట్టిగా ఉంటుంది, ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. భూమి తిరగడానికి దీనికి సంబంధం లేకపోలేదు, ఆ గాలులు ఆ దిక్కుకు తిరగడానికి అదీ ఒక కారణమే. అంటే సాగర్ అన్న సగం కరెక్టు.

సాగర్_ఎడమకాల్వ
చూశావా @మిర్యాల_మిల్లు

వనపర్తి_లెక్కలు
అచ్చంపేట తమ్ముడు చెప్పినదానికి లెక్క కడతాను. దుబాయ్ నుంచి డాలస్ 12,900. విమానం మామూలు వేగం 900 అనుకుందాం. దారి పొడవునా సగటున 50 ఎదురుగాలి అనుకుంటే నేల మీద వేగం 850, పదిహేను గంటల పది నిమిషాలు. అదే 50 వెనక నుంచి తోస్తే 950, పదమూడు గంటల ముప్పై అయిదు నిమిషాలు. ఒక్క ఆ ముక్కలోనే గంటన్నర తేడా వచ్చేసింది. ఎంత గాలి అనేది రోజురోజుకూ మారుతుంది, నేను నమూనాకు చెప్పాను.

టికెట్ల_తమ్ముడు
సార్ లెక్కకి ఒకటి కలుపుతా. నేను సూర్యాపేటలో టికెట్లు చేస్తాను. టికెట్ మీద ఉండే గంటలు గాలిలో ఎగిరే గంటలు కావు, ఒక గేటు నుంచి కదిలి ఇంకో గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే కోసం క్యూలో నిలబడేది, దిగాక గేటు ఖాళీ అయ్యేదాకా ఆగేది, అన్నీ అందులోనే. కంపెనీలు కొంచెం ఎక్కువే రాసుకుంటాయి, అప్పుడే టైముకి వచ్చినట్టు ఉంటుంది. అందుకే అప్పుడప్పుడు "అరగంట ముందే దిగాం" అని అందరూ సంబరపడతారు.

గడియారం అన్న టికెట్‌లో పోయేటప్పుడు 3:50, 16:20, మధ్యలో దుబాయ్‌లో 3:20 ఆగడం అయ్యుండాలి. వచ్చేటప్పుడు 14:40, 3:25, మధ్యలో రెండు గంటలు. కరెక్టేనా?

గడియారం_సెంటర్
@టికెట్ల_తమ్ముడు అచ్చం అదే, కాగితం చూసినట్టే చెప్పావు తమ్మీ.

టికెట్ల_తమ్ముడు
రోజూ చేసేది అదే కదా అన్నా. అంటే రెండు టికెట్ల మధ్య మూడున్నర గంటల తేడాలో రెండు గంటలు గాలిది, మిగతాది దుబాయ్‌లో కూర్చునేది. గాలిని మనం మార్చలేం, కూర్చునేది మార్చుకోవచ్చు. కిలోమీటర్ల సంగతి వదిలెయ్యి. మధ్యలో ఎంతసేపు ఆగాలి, ఎన్నిసార్లు దిగాలి, అవి చూసి టికెట్ తీసుకో. పెద్దవాళ్లకి అదే ముఖ్యం.

పాలమూరు_పిల్ల
దీనికి నేను వంద లైకులు కొడతా. మా అత్తమ్మ వాళ్లకి "తక్కువ గంటల" టికెట్ అని మురిసిపోయి తీసుకున్నారు, మధ్యలో ఆగేది గంట కూడా లేదు. మొదటి విమానం నలభై నిమిషాలు లేటు. దిగేసరికి రెండోదాని తలుపులు మూసేశారు. ఆ ఊరిలో రాత్రంతా ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చున్నారు, మామయ్యకి షుగరు, మందులేమో పెద్ద బ్యాగులో ఉన్నాయి. కౌంటర్‌లో ఇంగ్లీషులో ఏదో చెప్పి ఒక కూపన్ చేతికిచ్చారంట, అది భోజనానికని ఇద్దరికీ తెలియక మడిచి పర్సులో పెట్టుకుని ఇంటికి తెచ్చారు. ఏ కంపెనీ అని అడగకండి. తొందర టికెట్ల జోలికి పోవద్దు అంతే.

బతాయితోట
నేను ఒప్పుకోను. మా అమ్మకి ఎవరో ఇట్లనే చెప్పారని ఎనిమిది గంటల గ్యాపు పెట్టాం. ఆమెకి మోకాళ్ల నొప్పులు, ఎనిమిది గంటలు ఇనుప చేతులున్న కుర్చీలో, పడుకునే వీలు లేదు. దిగాక కాళ్లు వాచి రెండు రోజులు నడవలేదు. ఎక్కువ గ్యాపు అంటే మంచిదని కాదు.

పాలమూరు_పిల్ల
@బతాయితోట ఎనిమిది ఎవరు పెట్టమన్నారు అన్నా, మూడు నాలుగు గంటలు చాలు.

ఫ్రిస్కో_నల్లగొండ
మూడు నాలుగు నాకూ సరే. వీల్‌చెయిర్ తప్పకుండా అడగండి, నడవగలిగినా సరే. టికెట్ చేసేటప్పుడే చెప్పాలి, కనీసం రెండు రోజుల ముందన్నా. డబ్బులు తీసుకోరు. నడవడానికి కాదు అది, దారి తప్పకుండా ఉండటానికి. ఒక గేటు నుంచి ఇంకో గేటుకి తీసుకుపోయి కూర్చోబెడతారు, డాలస్‌లో ఇమిగ్రేషన్ లైను కూడా సులువవుతుంది.

మిర్యాల_మిల్లు
మా నాయిన వీల్‌చెయిర్ అంటే "నాకేమైందిరా" అని గొడవ. చివరికి "ఇది కూడా టికెట్‌లోనే ఉంది, వాడకపోతే డబ్బులు వేస్టు" అన్నాం. వెంటనే కూర్చున్నాడు.

దేవరకొండ_డిపో
నాది వేరే ప్రశ్న. మ్యాపులో చూస్తే హైదరాబాద్ నుంచి పడమరకి పోతే ఆఫ్రికా, అట్లాంటిక్, అమెరికా. సముద్రం మీద నుంచి అడ్డంగా గీత. కానీ మా బావమరిది డాలస్ పోతూ సీటు ముందున్న స్క్రీన్ ఫోటో పంపాడు, అందులో విమానం గ్రీన్‌లాండ్ మీద ఉంది. అంత పైకి ఎందుకు ఎక్కుతారు, సముద్రం అంటే భయమా?

వనపర్తి_లెక్కలు
ఇది అడుగుతారనే కూర్చున్నాను. గ్లోబు తీసుకోండి, మ్యాపు కాదు. ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం అట్లాంటిక్ వైపు పోనే పోదు. నేరుగా పైకి పోయి ఉత్తర ధ్రువం పక్క నుంచి అవతలికి దిగుతుంది.

ఎందుకంటే హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం, డాలస్ 97 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 175. భూమి చుట్టూ సగం 180. అంటే డాలస్ దాదాపు మనకు సరిగ్గా అవతలి వైపు ఉంది. అవతలి వైపు ఉన్న ఊరికి దగ్గర దారి పక్కకు కాదు, నెత్తి మీదుగా. ఐదు డిగ్రీల తేడా వదిలేసి ధ్రువం మీదుగానే పోదాం అనుకుంటే పదో తరగతి పిల్లాడు కూడా దూరం కట్టొచ్చు. హైదరాబాద్ అక్షాంశం 17, డాలస్ 33, మొత్తం 50. 180లో 50 పోతే 130 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్లు. 130 ఇంటూ 111, 14,430. ఆ సైటు చెప్పిన 14,400 అక్కడి నుంచి వచ్చిందే. అసలు దారి ధ్రువానికి ఐదువందల కిలోమీటర్ల దగ్గరగా పోతుంది, అంతే తేడా.

దుబాయ్ నుంచి పోయేది అంత పైకి పోదు, 67 డిగ్రీల దాకా పోయి దిగుతుంది. అందుకే మీ బావమరిదికి గ్రీన్‌లాండ్ కనిపించింది. గోడ మీద మ్యాపులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, నిజానికి ఆఫ్రికాలో పద్నాలుగో వంతు ఉంటుంది. పైకి పోయేకొద్దీ మ్యాపు సాగదీస్తుంది, కాబట్టి అక్కడి దారి చుట్టు తిరుగుడులా కనబడుతుంది.

దేవరకొండ_డిపో
సార్ మీరు మాకు స్కూల్లో ఎందుకు దొరకలేదు

అచ్చంపేట_అడవి
ధ్రువం మీదుగా నిజంగా పోయినవాళ్లున్నారు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు మొదటి విమానం నడిపింది, కాక్‌పిట్‌లో అందరూ ఆడవాళ్లే, కెప్టెన్ జోయా అగర్వాల్. నేరుగా దూరం 14,000 దగ్గర. అది ఉత్తర ధ్రువం దారిలోనే వచ్చింది.

జడ్చర్ల_జంక్షన్
అదే నెలలో హైదరాబాద్ నుంచి షికాగోకి కూడా డైరెక్టు మొదలైంది కదా? మా ఆఫీసులో ఒకాయన ఎక్కాడు.

టికెట్ల_తమ్ముడు
అవును, 2021 జనవరి. 13,300 కిలోమీటర్లు. తర్వాత ఆపేశారు. అప్పట్లో పెద్దవాళ్లకి టికెట్ చేయడం ఎంత సుఖంగా ఉండేదో, ఒకసారి ఎక్కిస్తే అమెరికాలోనే దిగడం.

గడియారం_సెంటర్
డైరెక్టు ఎందుకు లేదు మరి? డాలస్‌లో మన తెలుగువాళ్లు తక్కువా? విమానం ఎప్పుడూ ఫుల్లే ఉంటుంది కదా.

పంతంగి_టోల్
విమానం అంత దూరం పోలేదు కాబట్టి. పెట్రోలు చాలదు.

అచ్చంపేట_అడవి
@పంతంగి_టోల్ పోగలదు. సింగపూర్ నుంచి న్యూయార్క్ 15,300 కిలోమీటర్లకు పైనే, ఒకే దమ్ములో పోతున్నారు, 18 గంటలు దాటుతుంది. కాకపోతే దానికోసం ప్రత్యేకంగా చేయించిన ఎయిర్‌బస్ ఎ350 అది, అందులో ఎకానమీ సీట్లే లేవు. మన అమ్మానాయినల్ని అందులో పంపాలంటే పొలం అమ్మాలి.

అసలు చిక్కు ఏంటంటే, అంత దూరానికి నింపిన ఇంధనంలో చాలా భాగం మిగతా ఇంధనాన్ని మోయడానికే కాలిపోతుంది. బరువు తగ్గించాలంటే సీట్లో, సరుకో తగ్గించాలి. మధ్యలో ఒకచోట దించితే సగం ఇంధనంతో నిండా జనాన్ని ఎక్కించుకోవచ్చు.

టికెట్ల_తమ్ముడు
జనం సంగతి కూడా. డాలస్ విమానంలో మన హైదరాబాద్ వాళ్లే ఉండరు. దుబాయ్‌లో కొచ్చి, చెన్నై, లాహోర్, ఢాకా, కఠ్మాండు నుంచి వచ్చినవాళ్లందర్నీ కలిపి ఒక విమానం నింపుతారు. హైదరాబాద్ ఒక్కటే రోజూ మూడువందల మందిని డాలస్‌కి ఇవ్వాలంటే జూన్, డిసెంబర్‌లో ఇస్తుందేమో, ఫిబ్రవరిలో ఇవ్వదు.

ఫ్రిస్కో_నల్లగొండ
ఫిబ్రవరిలో కూడా ఇస్తాం, మీరు వేసి చూడండి 😄 మా వీధిలో వినాయకుడి మండపానికి చందాలు రాసేవాళ్లు ఇంగ్లీషులో మాట్లాడిన ఇల్లు నాకు గుర్తులేదు.

బతాయితోట
లండన్ మీదుగా పోతే దగ్గర కాదా? దుబాయ్ అంటే కొంచెం కిందికి పోయి మళ్లీ పైకి పోవాలి కదా.

వనపర్తి_లెక్కలు
కట్టి చూశాను. హైదరాబాద్ నుంచి లండన్ 7,750, లండన్ నుంచి డాలస్ 7,630, మొత్తం 15,380. దుబాయ్ మీదుగా 15,460. ఎనభై కిలోమీటర్ల తేడా, విమానానికి ఐదు నిమిషాలు. తేడా ఏంటంటే లండన్ అయితే రెండు సమాన ముక్కలు, చెరో తొమ్మిది పది గంటలు. దుబాయ్ అయితే ఒకటి చిన్నది, ఒకటి చాలా పెద్దది.

పాలమూరు_పిల్ల
పెద్దవాళ్లకి రెండు సమాన ముక్కలే మంచిదనిపిస్తోంది నాకైతే. పదహారు గంటలు ఒకే సీటులో అంటే నాకే భయం.

ఫ్రిస్కో_నల్లగొండ
నా ఓటు దుబాయ్, దోహా వైపే. చిన్న ముక్కలో విమానం అలవాటవుతుంది, బాత్‌రూమ్ తలుపు ఎట్లా తీయాలో తెలుస్తుంది. పెద్ద ముక్కలో నిద్రపోతారు. భాష కూడా, గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లో హిందీ నడుస్తుంది, తెలుగువాళ్లు కూడా తగులుతారు. లండన్‌లో అయితే ఒక్కోసారి టెర్మినల్ మారాలి, బస్సు ఎక్కాలి.

ఇంకోటి, డాలస్‌కి నేరుగా వచ్చే రెండో విమానమే తీసుకో. న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి మళ్లీ డాలస్ విమానం అంటే, మొదట దిగిన అమెరికా ఊరిలోనే ఇమిగ్రేషన్ అవుతుంది, బ్యాగులు అక్కడే తీసుకుని మళ్లీ వెయ్యాలి. మొదటిసారి వచ్చేవాళ్లకి అది పెద్ద టెన్షన్. అబుదాబి ఒక్కటి వేరు, అక్కడ అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే చేసేస్తారు, దానికి లైను ఉంటుంది కాబట్టి అక్కడ గ్యాపు ఎక్కువ ఉండాలి.

సాగర్_ఎడమకాల్వ
గల్ఫ్ వైపు గొడవలు జరిగితే? 2025 జూన్‌లో ఖతార్ ఆకాశం మూసేసినప్పుడు మా కజిన్ దోహా పోవాల్సిన విమానం మధ్యలోంచి తిరిగొచ్చింది.

టికెట్ల_తమ్ముడు
ఎక్కడైనా రావచ్చు అన్నా. 2022 నుంచి రష్యా మీదుగా యూరప్, అమెరికా కంపెనీలు పోవడం లేదు, చుట్టు తిరుగుతున్నాయి. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ ఆకాశం మన కంపెనీలకు మూసేశారు, దానితో ఢిల్లీ నుంచి అమెరికా పోయేవి కొన్ని మధ్యలో ఇంధనం కోసం దిగాల్సి వచ్చింది. మన హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కి దారి అరేబియా సముద్రం మీదుగానే కాబట్టి దాని దెబ్బ మనకి పెద్దగా తగల్లేదు. నువ్వు చేయాల్సింది ఒక్కటే, రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి, ఒకే పీఎన్‌ఆర్. అప్పుడు మధ్యలో ఏదన్నా అయితే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత వాళ్లది. వేరువేరుగా చవకగా కొంటే రెండోది పోయినట్టే.

మన్యంకొండ_మెట్లు
మా అమ్మ ప్రశ్న ఒకటి ఉంది, నవ్వొద్దు. ఆమె శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. మేము టికెట్ తీసింది శనివారం తెల్లవారుజాముకి. అమెరికాలో దిగినా శనివారమే. ఒక్కపొద్దు ఎప్పుడు విడవాలి?

మిర్యాల_మిల్లు
😂 విమానంలో ఇచ్చినప్పుడు

వనపర్తి_లెక్కలు
ఆ శనివారం ఆమెకు 24 గంటలు కాదు, వేసవిలో 34 గంటల 30 నిమిషాలు. పైగా ఉదయం పదికి దుబాయ్‌లో ఎక్కి పడమరకు పోతుంటే సూర్యుడు కూడా అటే వస్తుంటాడు, జూలైలో గ్రీన్‌లాండ్ మీద అసలు చీకటే పడదు. పొద్దు గూకాక తింటాను అని కూర్చుంటే డాలస్‌లో రాత్రి ఎనిమిదిన్నర అవుతుంది.

మన్యంకొండ_మెట్లు
బీపీ మందులు వేసుకుంటుంది సార్, అట్లా కుదరదు.

అచ్చంపేట_అడవి
తిరిగొచ్చేటప్పుడు ఉల్టా, ఒక రోజు పదమూడున్నర గంటలే మిగులుతుంది. అది శనివారం పడేటట్టు టికెట్ తియ్యి, లెక్క సరిపోతుంది.

మన్యంకొండ_మెట్లు
ఇది అమ్మకి నచ్చింది. నిజంగానే డేట్ మార్చమంటోంది.

పాలమూరు_పిల్ల
బీపీ, షుగర్ మందులు చేతి బ్యాగులోనే, డాక్టర్ చీటీతో సహా. ఇన్సులిన్ తీసుకునేవాళ్లయితే ఏ టైముకి ఎంత అనేది పోయేముందే డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. రోజు పొడుగవుతుంది కాబట్టి మామూలు లెక్క పనిచేయదు. ఇంకా గంట గంటన్నరకి ఒకసారి లేచి నడవమనండి, అంతసేపు కదలకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. నడవ పక్క సీటు తీసుకోండి, కిటికీ వద్దు.

మిర్యాల_మిల్లు
కిటికీ లేకపోతే మా నాయిన ఎక్కనన్నాడు. అమ్మకి నడవ పక్కది, ఆయనకి కిటికీ, మధ్యలో ఎవరో పంజాబీ ఆయన. పదహారు గంటలు అమ్మ ఆయన మీద నుంచి నాయినకి టిఫిన్ అందిస్తూనే ఉంది.

గడియారం_సెంటర్
ఇంటి నుంచి ఎప్పుడు బయల్దేరాలి? 4:20కి విమానం.

పంతంగి_టోల్
మూడు గంటల ముందు అంటే 1:20కి ఎయిర్‌పోర్టులో ఉండాలి. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్, పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి శంషాబాద్, రాత్రి పూట రెండున్నర గంటలు పెట్టుకో. పదిన్నరకి బయల్దేరు. జూలై కాబట్టి సరే, సంక్రాంతి ముందు రోజుల్లో అయితే మా పంతంగి టోల్ దగ్గరే విమానం వెళ్లిపోతుంది.

దేవరకొండ_డిపో
మాకు మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చి ఓఆర్ఆర్ ఎక్కితే పంతంగి టోల్ గొడవే లేదు.

జడ్చర్ల_జంక్షన్
పాలమూరు నుంచి 80 కిలోమీటర్లు, షాద్‌నగర్ దాటితే వచ్చేసినట్టే. సిటీలో అడుగు పెట్టే పని లేదు. అమెరికాకి దగ్గర జిల్లా మాదే.

బతాయితోట
అందుకే మీ వాళ్లు ముందే వెళ్లిపోయారు, ఎడ్లు మేపడానికి కూడా మనిషి దొరకట్లేదంట.

మన్యంకొండ_మెట్లు
పచ్చళ్లు పంపొచ్చా?

ఫ్రిస్కో_నల్లగొండ
మామిడికాయ, చింతకాయ పంపొచ్చు, పెద్ద బ్యాగులో, గట్టిగా ప్యాక్ చేసి. చేతి బ్యాగులో వద్దు, సెక్యూరిటీ దగ్గర తీసి పడేస్తారు. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం అస్సలు వద్దు, మాంసంతో చేసినవి కస్టమ్స్ ఒప్పుకోదు. తిండి వస్తువులు ఉన్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పాలి. దాచి దొరికితే ఫైన్ వేస్తారు, చెబితే మహా అయితే తీసి చూస్తారు.

కొల్లాపూర్_కృష్ణ
మధ్యలో దూరుతున్నా. మా తమ్ముడు మెల్‌బోర్న్ పోతున్నాడు చదువుకి. వాడికి కూడా దుబాయ్ మీదుగానే టికెట్ చేశాడు ఏజెంటు. పైన అందరూ దుబాయ్ మంచిదన్నారు కాబట్టి ఓకేనా?

వనపర్తి_లెక్కలు
అయ్యో, వద్దు. మెల్‌బోర్న్ ఆగ్నేయంలో ఉంది, దుబాయ్ వాయవ్యంలో. హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్ నేరుగా 9,230 కిలోమీటర్లు. సింగపూర్ మీదుగా పోతే 3,300, తర్వాత 6,030, మొత్తం 9,330. వంద కిలోమీటర్లే ఎక్కువ, సింగపూర్ దాదాపు దారిలోనే ఉంది. దుబాయ్ పోయి వెనక్కి తిరిగితే 14,000 దాటుతుంది, అంటే డాలస్‌కి నేరుగా ఉన్నంత దూరం. తమ్ముడు వెనక్కి వస్తూ మళ్లీ మన దేశం పక్క నుంచే పోతాడు.

కొల్లాపూర్_కృష్ణ
ఏజెంటు "ఇదే చవక, నలభై కిలోల లగేజీ" అన్నాడు సార్.

అచ్చంపేట_అడవి
చవక నిజమే కావచ్చు. టికెట్ ధరకి దూరానికి సంబంధం తక్కువ, సీట్లు ఖాళీగా ఉన్నవాళ్లు తగ్గిస్తారు. చదువుకునే పిల్లాడు, ఒళ్లు గట్టిగా ఉంది, డబ్బులు మిగిలితే పోనీ అనుకోవచ్చు. గంటలెన్నో చూశావా?

కొల్లాపూర్_కృష్ణ
26. సింగపూర్ మీదుగా 16 చూపిస్తోంది ఇప్పుడు. ధర తేడా ఆరు వేలు.

టికెట్ల_తమ్ముడు
ఆరు వేలకి పది గంటలు అంటే నేనైతే మార్చేస్తా. ముందు పాత టికెట్ క్యాన్సిల్ చేస్తే ఎంత కోస్తారో చూడు, కొన్నిట్లో అసలు వెనక్కి రాదు. పీఎన్‌ఆర్ ఇక్కడ పెట్టకు, నాకు ప్రైవేటుగా పంపు, చూసి చెప్తా.